జేబు మీది బిళ్ల

"ఆ బిళ్ల నువ్వు చూసినవా?"

"లే. నేను చూడలే."

నా మొగుడికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆటో వెనక సీటులో అతని తల నా ఒళ్లో ఉంది. తల వెనక దెబ్బకు నా కొంగు కుక్కి పట్టుకున్నాను. కొంగు తడిసి, చీర తడిసి, కింద రేకు మీదికి కారుతోంది. దవాఖానకు పోయే దారిలో ఆటో గుంతలో పడ్డప్పుడల్లా అతని పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. అతను అడిగాడు, నేను చెప్పాను. ఆ తర్వాత కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నోరు పెగలలేదు. రెండు రోజులు గొట్టాల మధ్య పడుకుని మూడో రోజు పోయాడు.

నేను చెప్పింది అబద్ధం. ఆ బిళ్లను నేను చూశాను. అందరికన్నా ముందు చూశాను. ఆ మాట పోలీసులకు చెప్పలేదు, నన్ను కన్నతల్లికి చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. రాసుకో బిడ్డా. ఒక్క మాట మింగకుండా రాసుకో.

రాస్తున్నది నా ఆడబిడ్డ కూతురు, అంటే పోయిన మనిషికి సొంత మేనకోడలు. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు, అంతకు మించి అక్షరం రాదు. నేను చెబుతుంటే ఈ పిల్ల పుస్తకాల్లో ఉండే తెలుగులోకి దిద్దుకుని రాస్తోంది. దిద్దుకోనీ. మనుషులు నోటితో అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను. నా గొంతు ఎంత బొంగురో కాగితం మీద వినపడదు కాబట్టి అదీ చెబుతున్నాను. పుట్టుకతో వచ్చిన బొంగురు కాదిది. పెళ్లయిన ఆరేళ్లకు ఒకసారి, కూరలో ఉప్పు దగ్గర మొదలైన గొడవలో, నా మొగుడు రెండు చేతులతో నా గొంతు పట్టుకుని గోడకు ఆనించి నొక్కాడు. వారం రోజులు మాట రాలేదు. వచ్చినప్పుడు ఇట్లా వచ్చింది.

ఇవాళే ఎందుకు చెబుతున్నానంటే, మానిటర్ కోసం. సాతంరాయి దగ్గర, బెంగళూరు రోడ్డు మీద, ఏడాదిన్నరగా షట్టర్ దించి ఉన్న మా ఫ్లెక్సీల దుకాణాన్ని మళ్లీ తెరుద్దామని ఈ పిల్ల వచ్చింది. ఎయిర్‌పోర్టులో చేసే ఉద్యోగం మానేసి వచ్చింది. కంప్యూటర్ మీద బొమ్మలు కూర్చడం నేర్చుకుంది. పాత మానిటర్ ఏమైందో అందరికీ తెలుసు, కొత్తది కొనాలి. పొద్దున నా పక్కన కూర్చుని ఫోన్‌లో రెండు మానిటర్లు చూపించింది. ఒకటి ఇరవై ఏడు అంగుళాలది, ఇంకొకటి ఇరవై నాలుగు అంగుళాలది. ధర అటూ ఇటూగా ఒకటే. దానికి పెద్దది కావాలి. నేను చిన్నదే కొనాలన్నాను. "ఎందుకత్తమ్మా? మామ గూడ పెద్దదే కొన్నడు గద" అంది. అందుకే కాగితం తెచ్చుకోమన్నాను.

మీ మామ కంప్యూటర్ మనిషి కాదు బిడ్డా. నువ్వు పుట్టకముందు గోడల మీద రాసేవాడు. సిమెంటు కంపెనీల పేర్లు, ఎరువుల పేర్లు, ఎలక్షన్ వస్తే ఓట్ల రాతలు. శంషాబాద్ నుంచి అటు కొత్వాల్‌గూడ దాకా ఏ ప్రహరీ గోడ మీద చూసినా అతని అక్షరాలే ఉండేవి. సున్నపు బకెట్టు మోసింది నేను, నిచ్చెన పట్టుకున్నది నేను. అతని చేతిలో బ్రష్ ఉన్నంత సేపూ ఆ చెయ్యి దేవుడి చెయ్యి. బ్రష్ కింద పెట్టాక అదే చెయ్యి నా మీద పడేది.

గోడ రాసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. రెండు అక్షరాలు రాయగానే నిచ్చెన దిగి, రోడ్డు దాటి, అవతలి అంచున నిలబడి, కళ్లు సగం మూసి చూస్తారు. లారీలు వస్తున్నా లెక్క చేయరు. గోడను దూరం నుంచే చూడాలి, దగ్గర నుంచి చూస్తే అంతా మరకలే కనపడతాయి అనేవాడు. ముప్పై ఏళ్లు అట్లా చూసిన కళ్లు అతనివి. ఎయిర్‌పోర్టు వచ్చింది, గోడలు పోయాయి, వాటి చోట అద్దాల బిల్డింగులు లేచాయి, రాతలకు బదులు ఫ్లెక్సీలు వచ్చాయి. కడుపు కోసం కంప్యూటర్ నేర్చుకున్నాడు. దాని ముందు కూర్చుని బొమ్మ కూర్చేవాడు, కూర్చగానే లేచి మూడు అడుగులు వెనక్కి వేసి, షట్టర్ గుంజకు ఆనుకుని కళ్లు సగం మూసి చూసేవాడు.

నా పని మాత్రం దగ్గరి పని. బొమ్మ కూర్చి సిటీలో ప్రెస్సుకు పంపితే మర్నాటికి ఫ్లెక్సీ చుట్టలా చుట్టుకుని వచ్చేది. దుకాణం వెనక ఖాళీ ప్లాటులో దాన్ని పరిచి, మోకాళ్ల మీద పాకుతూ అంచులు మడిచి, ఇనుప అచ్చు పెట్టి సుత్తితో కొట్టి రింగులు బిగించేదాన్ని. ఆ రింగుల్లోంచే తాడు పోతుంది. చెక్క ఫ్రేమ్ కావాలంటే రీపర్లు, అంటే పొడుగాటి చెక్క పట్టీలు, కోసి మేకులు కొట్టేదాన్ని. పెద్ద పెద్ద లీడర్ల మొహాల మీద మోకాళ్లు వేసి పాకినదాన్ని నేను. జానెడు దూరం నుంచి చూస్తే ఏ ఫోటో మంచిదో, ఏది గుంజి గుంజి పెద్దది చేసిందో నాకు తెలిసిపోయేది. చిన్న ఫోటోను పది అడుగులకు సాగదీస్తే మొహమంతా గళ్లు గళ్లు అవుతుంది. కన్ను ఉండదు, నల్ల గళ్లు నాలుగు ఉంటాయి.

మా మొదటి మానిటర్ చెడిపోయినప్పుడు ఇద్దరం సికింద్రాబాద్ పోయాము. నన్ను తీసుకుపోయింది డబ్బా మోయడానికి. దుకాణం అతను రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి, రెండిటిలో ఒకే బొమ్మ వేశాడు. పెళ్లి బొమ్మ అది, పెళ్లికూతురు మెడలో పూసల దండ. నా మొగుడు వెంటనే వెనక్కి నడిచాడు. వాకిలి దాకా పోయి కళ్లు సగం మూశాడు. నేను ముందుకు పోయాను. ముక్కు ఆనేంత దగ్గరికి పోయి చూశాను.

పెద్దదానిలో పూసలు ఒకదానికొకటి అంటుకుని తాడులాగా ఉన్నాయి. చిన్నదానిలో పూస పూసకూ మధ్య దారం కనపడుతోంది.

దుకాణం అతను విడమరిచి చెప్పాడు. తెర అంటే చుక్కలట. ఆ చుక్కలు వెలిగితేనే బొమ్మ. పెద్దదానిలో చుక్కలు తక్కువ, అవే ఆ వెడల్పంతా పరుచుకోవాలి కాబట్టి ఒక్కో చుక్క లావుగా ఉంటుంది. చిన్నదానిలో చుక్కలు ఎక్కువ, చోటు తక్కువ, అందుకని సన్నగా ఒత్తుగా ఉంటాయి. నాకు జల్లెడ గుర్తొచ్చింది. మా అమ్మ బియ్యం మిల్లులో జల్లెడ పట్టేది, చిన్నప్పుడు నేనూ పట్టాను. జల్లెడ పెద్దదయితే చాలదు, కన్ను సన్నగా ఉండాలి. కన్ను లావయితే రాయి కూడా బియ్యంతో పాటు కిందికి పోతుంది. ఆ మాటే పైకి అన్నాను.

"పెద్ద జల్లెడ తీస్కపోతే రాళ్లు దిగుతయి. గీ చిన్నదే తీస్కుందాం."

దుకాణం అతను నవ్వాడు. మేము నెల రోజులు క్లాసులో నేర్చుకున్నదాన్ని అమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది సార్ అన్నాడు. మంచివాడే, మర్యాదకే అన్నాడు. ఆ మర్యాద నా నెత్తి మీద పడింది.

నా మొగుడి వైపు న్యాయం లేదని కాదు. ఉన్నదున్నట్టు చెబుతాను. చిన్నదానిలో అంతా సన్నం, అక్షరాలూ సన్నమే. అతనికి చూపు తగ్గుతోంది, అద్దాలు పెట్టుకోమంటే గోడలు రాసినవాడికి అద్దాలా అని మండిపడేవాడు. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని దుకాణం అతను చూపించాడు గానీ, నా మొగుడు బొమ్మలు కూర్చే పాత ప్రోగ్రామ్‌లో గుండీలు చీమల్లాగే ఉండిపోయాయి. ఇంకొకటి, మా దగ్గరికి వచ్చేవాళ్లు కౌంటర్ అవతల నిలబడతారు. నాలుగు అడుగుల దూరంలో తమ మొహం పెద్దగా కనపడితేనే ఆర్డర్ ఇస్తారు. ఫ్లెక్సీ అంటే అడుగుల లెక్కన కొనేవాళ్లు, తెరనూ అట్లాగే కొలుస్తారు. ఇవన్నీ నిజమే. నెమ్మదిగా చెప్పి ఉంటే నేనూ సరే అనేదాన్నేమో.

అతను పెద్దది కట్టించాడు. మెట్లు దిగుతుంటే, మలుపులో ఎవరూ లేని చోట నా జుట్టు పట్టుకుని నుదుటిని గోడకేసి కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"జల్లెడ వట్టుకొని నాకు సదువు చెప్తవానే? గంత మందిల నా ఇజ్జత్ తీస్తవా?"

అంత మంది లేరు బిడ్డా. ఆ దుకాణం అతను ఒక్కడే ఉన్నాడు.

బస్సులో డబ్బా నా ఒళ్లో పెట్టాడు. నుదురు బొప్పి కట్టి కన్ను మూసుకుపోతోంది. ఆరాంఘర్ దాటాక రోడ్డు బాగుండదని, అదురుతుందని, తన తువ్వాలు నాలుగు మడతలు పెట్టి డబ్బా కింద పెట్టాడు. ఆ మడతలు నాకు ఇప్పటికీ కనపడతాయి. అంత నెమ్మదిగా పెట్టాడు.

ఆ మానిటర్ వచ్చిన కొత్తలోనే ఒక ముసలమ్మ పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఆమె కొడుకులు వచ్చారు. తెచ్చింది రేషన్ కార్డు మీది ఫోటో, బొటనవేలు గోరంత. దాన్ని తెర నిండా పెంచాడు. మూడు అడుగులు వెనక్కి పోయి బాగుందన్నాడు, కొడుకులూ బాగుందన్నారు. నేను దగ్గరికి పోయి చూశాను. మొహం గళ్లుగా ఉంది. ఆ తెర మీద అన్నీ కొంచెం గళ్లుగానే ఉంటాయి కాబట్టి అది తెర తప్పో ఫోటో తప్పో తేలడం లేదు. ఇంకో ఫోటో అడగమన్నాను. మూతి మూసుకోమన్నాడు.

ఫ్లెక్సీ వచ్చింది. పెద్దకర్మ రోజు కట్టారు. తల్లి మొహం చూడబోతే చెస్‌బోర్డు కనపడింది. చిన్న కొడుకు దాన్ని పీకి తెచ్చి మా కౌంటర్ మీద విసిరి, బూతులు తిట్టి పోయాడు. అతను పోగానే నా మొగుడు నా వైపు తిరిగాడు. తప్పు ముందే చెప్పినందుకు కోపం. నా నోరే మంచిది కాదన్నాడు, నేను నోటితో అనబట్టే అట్లా అయిందన్నాడు. రింగులు కొట్టే ఇనుప అచ్చు చేతికి దొరికింది, విసిరాడు. దవడకు తగిలింది. రెండు పళ్లు నా అరచేతిలోకి ఊడి వచ్చాయి. రక్తం ఉమ్మితే ఆ ముసలమ్మ ఫ్లెక్సీ మీదే పడింది.

ఆ రోజే అనుకున్నాను. ఇక ఆ తెర మీద గానీ, నేల మీద పరిచిన ఫ్లెక్సీ మీద గానీ ఏం కనపడ్డా నోరు విప్పను. కనపడింది నా కడుపులోనే ఉంటుంది. చూసినదానికి పళ్లు ఊడాయి, ఇక చూడనట్టే బతుకుతాను.

ఇక అసలు సంగతి.

మా దగ్గరి లీడర్ ఒకాయన ఆ నెలే పార్టీ మారాడు. ఏ పార్టీ నుంచి ఏ పార్టీకో చెప్పను, ఎవరికి కావాలి. కొత్త పార్టీ పెద్దాయన విమానం దిగి వస్తున్నాడని, ఎయిర్‌పోర్టు దారి మలుపు నుంచి సాతంరాయి దాకా స్వాగతం ఫ్లెక్సీలు కట్టాలని ఆయన మనుషులు వచ్చారు. మర్నాటికి కావాలన్నారు. మా లీడర్ ఫోటో కొత్తది తేలేదు. నీ కంప్యూటర్‌లో ఉంది కదా అన్నారు. ఉంది. రెండేళ్ల కిందటి ఎలక్షన్ ఫోటో, మెడలో పాత పార్టీ కండువాతో. నా మొగుడు ఆ కండువా రంగు మార్చాడు. పాత రంగు తీసి కొత్త రంగు పోశాడు. ఆ పని అందరూ చేస్తారు, లీడర్లు మారినప్పుడల్లా ఫ్లెక్సీల దుకాణాల్లో చేసే మొదటి పని అదే. మడతలు కూడా చెరగకుండా భలే మార్చాడు. గోడకు రంగు వేసినవాడి చెయ్యి కదా.

కండువా అంచు కింద, చొక్కా జేబు మీద, చిన్న బిళ్ల ఒకటి గుచ్చి ఉంది. పాత పార్టీ బిళ్ల.

ఇరవై అడుగుల ఫ్లెక్సీని ఇరవై ఏడు అంగుళాల తెరలోకి కుదిస్తే ఆ బిళ్ల ఎంత ఉంటుంది? లావు చుక్కలు రెండో మూడో. జేబు గుండీ అనుకుంటారు, చొక్కా మీద నీడ అనుకుంటారు. దగ్గరికి గుంజి ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. అతను గుంజలేదు. లేచాడు, మూడు అడుగులు వెనక్కి వేశాడు, కళ్లు సగం మూశాడు. ఆయన మనుషులు ఇద్దరు వెనక నిలబడి, అన్న మొహం సినిమా హీరో లెక్క వచ్చిందని మెచ్చుకున్నారు. వాళ్లూ చూశారు, వాళ్లకూ కనపడలేదు. ఫైలు ప్రెస్సుకు పోయింది.

మర్నాడు పదింటికి చుట్ట వచ్చింది. ప్లాటులో పరిచాను. అంచు మడుచుకుంటూ, రింగులు కొట్టుకుంటూ పాకుతున్నాను. ఎండకు ఫ్లెక్సీ కాలుతోంది, ఒక మోకాలు కింద గోనె వేసుకున్నాను. లీడర్ గడ్డం దాటి, కండువా దాటి, జేబు దగ్గరికి వచ్చాను.

బిళ్ల ఉంది. సత్తు కంచమంత ఉంది. గీతలతో సహా గుర్తు అట్లాగే ఉంది.

నాకు అక్షరాలు రావు బిడ్డా. గుర్తులు వచ్చు. చదువు రానివాళ్లం ఓటు వేసేది గుర్తు చూసే కదా. పద్దెనిమిదేళ్ల వయసు నుంచి ఆ గుర్తు మీద వేలు పెట్టినదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కొత్త పార్టీ పెద్దాయనకు స్వాగతం చెప్పే ఫ్లెక్సీ మీద పాత పార్టీ గుర్తు. చూసీ చూడగానే తెలిసింది, ఇది కడితే ఏమవుతుందో.

తల ఎత్తి చూశాను. నా మొగుడు పది అడుగుల దూరంలో చాయ్ తాగుతున్నాడు. పక్క పంక్చర్ దుకాణం అతనితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. పిలిస్తే వినపడేది. ఒక్క తెల్ల స్టిక్కర్ ముక్క అతికిస్తే పోయేది, బ్రష్‌తో కాస్త తెల్ల రంగు పూసినా పోయేది. నా నాలుక ఊడిన పళ్ల సందులోకి పోయింది. అచ్చు నా చేతిలోనే ఉంది. ఏ అచ్చుతో నా దవడ పగిలిందో అదే అచ్చు.

ఇది రాయి. భయపడి ఊరుకోలేదు నేను. భయం ఒక పాలు ఉంటే ఉంది. మిగతాదంతా వేరే. నాకు లోపల ఒక చల్లదనం కలిగింది. లీడర్ వస్తాడు, అందరి ముందు వీడి చెంప పగలగొడతాడు, రోడ్డు మీద నిలబెట్టి బూతులు తిడతాడు, వీడు తల వంచుకుని నిలబడతాడు అనుకున్నాను. ఒక్క దెబ్బ, నేను చూస్తుండగా. అది కావాలనిపించింది. నోట్లో నీళ్లు ఊరినట్టు అనిపించింది. గోనెను ముందుకు జరుపుకుని, జేబు దాటి, మిగతా అంచుకు రింగులు కొట్టాను. ఒక్కో దెబ్బ ఎంత గట్టిగా కొట్టానంటే పంక్చర్ దుకాణం అతను అటు నుంచి నవ్వాడు, నేలకు రంధ్రం పడుతుందక్కా అని. చుట్ట చుట్టింది నేను. తాడు కట్టింది నేను. ట్రాలీలోకి ఎత్తిచ్చింది నేను.

మధ్యాహ్నానికి కట్టారు. సాయంత్రం పెద్దాయన బండ్లు పోయాయి. ఎవరో ఫోటో తీశారు, ఫోన్లలో తిరిగింది. మా లీడర్‌ను పెద్దాయన కారు ఎక్కించుకోలేదట. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆ సాయంత్రం మాకేమీ తెలియదు. అతను అన్నం తిని పడుకున్నాడు. నేను కూడా తిన్నాను. బాగా తిన్నాను.

పొద్దున దుకాణం తెరిచిన గంటకు ఒక జీపు వచ్చి ఆగింది. మా లీడర్ మనుషులు నలుగురు దిగారు. ఒక్క దెబ్బ అనుకున్నాను చూడు, ఆ నలుగురూ చేతులు ఖాళీగా వచ్చారు. షట్టర్ పక్కన నేను కోసి ఆనించి పెట్టిన రీపర్లు ఉన్నాయి. వాటినే తీసుకున్నారు.

"ఎవన్ దగ్గర పైసలు తిన్నవ్‌రా?" అని ఒకడు అడిగాడు.

నా మొగుడికి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. ఏమైందన్నా అన్నాడు. వాడు ఫోన్ తీసి మొహం మీద పెట్టాడు. ఫోన్ చిన్నది కదా, అరచేతి అంత, దానిలో బిళ్ల స్పష్టంగా కనపడింది. నా మొగుడు దాన్ని దగ్గరికి పట్టుకుని చూశాడు. జీవితంలో మొదటిసారి ఒక బొమ్మను దగ్గరి నుంచి చూశాడు. చూసి తల తిప్పి నా వైపు చూశాడు.

మొదటి రీపర్ మానిటర్ మీదికి లేచింది. అప్పుడు నేను అనుకోనిది జరిగింది. అతను పారిపోలేదు. దండం పెట్టలేదు. ఆ మానిటర్‌ను రెండు చేతులా కావలించుకున్నాడు, వీపు వాళ్ల వైపు పెట్టి. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది నడుము మీద. మూడోది తల వెనక. నేను చెక్కలో వదిలేసిన మేకు ఒకటి ఆ రీపర్‌కు ఉంది. ఆ చప్పుడు నేను చెప్పను. కొబ్బరికాయ అనీ, కుండ అనీ జనం ఏదో ఒకటి చెబుతారు. అది తల పగిలిన చప్పుడు, ఇంక దేనిలాగానూ ఉండదు.

అప్పుడు లేచాను. సుత్తి నా చేతిలోనే ఉంది. కొట్టినవాడి మోచెయ్యి మీద కొట్టాను. ఎముక విరిగింది, నాకు తెలిసింది, సుత్తి పిడిలోంచి చేతికి తెలిసింది. వాడు కింద పడి అరుస్తుంటే మోకాలి చిప్ప మీద ఇంకొకటి వేశాను. మూడోది తల మీద వేసేదాన్నే, పంక్చర్ దుకాణం అతను వెనక నుంచి నన్ను పట్టుకున్నాడు. వాళ్లు వాడిని జీపులో వేసుకుని పోయారు. పైన విమానం దిగుతోంది, రేకులు అదురుతున్నాయి. మానిటర్ నేల మీద వెల్లకిలా పడి ఉంది, ఇంకా వెలుగుతూనే ఉంది. ముక్కలు కాలేదు. లోపల ఎక్కడో చిట్లి, తెర మీద నల్లగా ఊదాగా మరక పాకుతోంది. దాని కింద ఇంకెవరి పెళ్లి పిలుపో సగం కనపడుతోంది.

ఆటోలో అడిగాడు. నువ్వు చూసినవా అని. అతనికి తెలుసు, నేను దగ్గరి నుంచి చూసేదాన్నని. ఆ ఫ్లెక్సీ మీద అంగుళం అంగుళం పాకింది నేనే అని తెలుసు. అనుమానంతో అడిగాడో, ఆశతో అడిగాడో నాకు ఈ రోజుకూ తెలియదు. చూడలే అన్నాను. నమ్మాడో లేదో కూడా తెలియదు. ఒక్కటి మాత్రం చూశాను. లే అనగానే నా చీర అంచు పట్టుకున్న అతని వేళ్లు వదులయ్యాయి.

అతనికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేయాలని మీ అమ్మ పట్టుబట్టింది, గుర్తుందా? నిలువెత్తున వేయాలంది. ఉన్నదల్లా ఒక్క ఫోన్ ఫోటో, అదీ ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో తీసింది. ఎంత పెద్దగా వేస్తే మొహం చెదురుతుందో అంతకు తక్కువే వేయమన్నాను. చివరికి నోటు పుస్తకం అట్ట అంత వచ్చింది. దుకాణం ముందు కడితే రోడ్డు మీద పోయేవాళ్లకు కనపడలేదు. బతికినన్నాళ్లూ ఊరందరికీ ఇరవై అడుగులవి వేసినవాడికి ఇదా అని మీ వాళ్లు నన్ను ఆడిపోసుకున్నారు. దగ్గరికి వచ్చి చూసినవాళ్లకు మాత్రం కనురెప్పల వెంట్రుకలు కూడా కనపడ్డాయి.

కేసు నడుస్తోంది. నా మీదా ఒక కేసు ఉంది, ఆ మోచెయ్యిది, మోకాలిది. దాని గురించి నాకు చింత లేదు. కొట్టింది నిజం. ఇది కేసు కాగితం కాదు.

ఇప్పుడు నీ మానిటర్ సంగతి. పెద్దదానిలో కూడా సన్న చుక్కలవి దొరుకుతాయని చెప్పావు, కానీ మన పాత కంప్యూటర్ దాన్ని లాగలేదని కూడా నువ్వే చెప్పావు. అయితే చిన్నదే కొను. అక్షరాలు సన్నగా ఉంటే అద్దాలు పెట్టుకో, సిగ్గుపడకు. వచ్చినవాళ్లకు పెద్దగా కావాలంటే కౌంటర్ లోపలికి పిలిచి దగ్గర కూర్చోబెట్టు. ప్రెస్సుకు పంపే ముందు మూల మూలా దగ్గరికి గుంజి చూడు. నేనూ నీ పక్కన కూర్చుంటాను. నాకు ఏదైనా కనపడితే చెబుతాను, నువ్వు విన్నా వినకపోయినా చెబుతాను. అయితే ఒక మాట. తెర మీద నెపం వేసి నేను తప్పించుకోవడం లేదు. ఆ పెద్ద తెర బిళ్లను దాచింది, నిజమే. నేను దాచినంతగా అది దాచలేదు.

రాయడం అయిందా? ఇటు ఇవ్వు ఆ కాగితం, చూడనీ.

నేను బిళ్ల చూసిన చోట, నోట్లో నీళ్లు ఊరినట్టు అనిపించిందని చెప్పిన చోట, నీ పెన్ను ఆగింది బిడ్డా. నేను కిటికీ బయటికి చూస్తున్నానని అనుకున్నావు. నేను నిన్నే చూస్తున్నాను. అతను నీ మేనమామ, చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని హిమాయత్ సాగర్ కట్ట మీద తిప్పాడు. నీకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కానీ నేను చెప్పింది ఇంత పొడుగు, ఇక్కడ నువ్వు రాసింది వేలెడు. నాకు అక్షరాలు రావు గానీ ఎంత రాశావో కనపడుతుంది కదా.

అక్కడి నుంచి చదువు. జేబు దగ్గరికి పాకిన కాడి నుంచి. ఏది రాశావో అదే చదువు, రాయనిది నోటితో కలపకు, వదిలిందంతా మళ్లీ చెప్పి రాయిస్తాను. గట్టిగా చదువు, విమానం పోతోంది, నాకు వినపడాలి.